గొంతులేని రాయబారులు

(వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



విద్యానిధిని గూర్చియు, విద్యార్థి వసతిగృహమును గూర్చియు, పెండ్లిండ్లలోని దుబారాను గూర్చియు మాటలాడుటకు మాకంటె నర్హులు ఈ వేదికపై పెక్కురు గలరు. కార్యదర్శిగారు మమ్ము బిలిచి, 'మనుష్యుని ప్రమేయములేకయే యంత్రములు తమలో తాము మాటలాడుకొనుటను' గూర్చి ముచ్చటింపుడని కోరినప్పుడు మొదట మేమును నవ్వితిమి. కులసభకును యంత్రముల సంభాషణకును పొత్తేమని మీలో గొందరకిప్పుడును దోచుచుండవచ్చును. అయితే వారు మా చేతికి సంఘకార్యాలయమునకు వచ్చిన మొరల కట్టనొకదానిని ఇచ్చిరి. దానిని జదివిన పిమ్మట మా నవ్వు నిలిచిపోయినది. మన తాతల కాలమున మొరలు కరణముమీదనో, వడ్డీవ్యాపారిమీదనో, కాలువ లస్కరుమీదనో యుండెడివి. ప్రతి మొరకును ఎదుట నొక మనిషి నిలిచెడివాడు. ఈ కట్టలోని మొరలలో సగమునకు ప్రతివాది లేడు. 'మిషను ఒప్పుకోలేదంట' అను మాటయే వానిలోని వాదము, అదియే తీర్పు.

రాయబారమనగా నేమో పల్నాటివారికి ఒకరు చెప్పవలసిన పనిలేదు. కారెంపూడి వీరుల తిరునాళ్లలో ప్రతి సంవత్సరమును వినుచున్న కథయే. నలగామరాజునకు అల్లుడైన అలరాజు, మలిదేవుని పక్షమున గురజాలకు రాయబారమేగెను. మామయింటికి బోయిన అల్లుడు, దూతగా బోయినవాడు, విషప్రయోగమునకు లోనై తిరిగి రాకపోయెను. ఆ చావుతో సంధిమాట ముగిసి, నాగులేటి యొడ్డున నెత్తురు ప్రవహించినది. ఆ కథను విన్నప్పుడెల్ల మాకొక యాలోచన గలుగుచుండును. దూత మనుష్యుడగుటచేతనే గదా వానిని జంపగలిగిరి? వానిని భయపెట్టవచ్చును, లంచమీయవచ్చును, నిద్రపుచ్చవచ్చును. విషమునకు లొంగని, నిద్రయెరుగని, బంధుత్వములేని దూత దొరకినచో లోకమునకు మేలుగాదా? ఆ దూత నేడు దొరకినాడు. మన పొలములోను, బాటమీదను, రైలుపట్టాల నడుమను వాడు పనిచేయుచున్నాడు. మేలు కలిగినదా యనుటయే ప్రశ్న.

ముందుగా బాటమీది దూతను జూతము.

2021 ఫిబ్రవరి 15 అర్ధరాత్రినుండి జాతీయరహదారుల టోలుగేట్లలో ఫాస్టాగు నిర్బంధమైనది. లారీ యద్దముమీద నంటించు నా కాగితపు బిళ్లను మీరందరు నెరుగుదురు. దానిలో బ్యాటరీ లేదు, దీపము లేదు. ఊరక పడియుండును. గేటుమీది యంత్రము రేడియో యలలను విసరగానే, ఆ యలలలోని కొలదిపాటి శక్తినే యాహారముగా గొని యది మేల్కొని, తన సంఖ్యను మాత్రము పలికి మరల మూగవోవును. గేటుయంత్రము ఆ సంఖ్యను అచ్చటి కంప్యూటరునకు, అది గేటువారి బ్యాంకునకు, ఆ బ్యాంకు దేశమంతటికిని ఉమ్మడిగానున్న చెల్లింపుల సంస్థకు, ఆ సంస్థ బిళ్ల నిచ్చిన బ్యాంకునకు అందజేయును. అచ్చట మన పద్దునుండి సొమ్ము తీయబడి, వార్త వెనుకకు వచ్చును. ఇంతమంది దూతల నడుమ ఒక్క మనుష్యుడైనను నోరు విప్పడు. గేటుకర్ర లేచును, లారీ సాగిపోవును. పిడుగురాళ్ల సున్నము, మాచర్ల ప్రాంతపు సిమెంటు, మన మిరపయు ప్రత్తియు వీని దయమీదనే దేశాంతరములకు బోవుచున్నవి. పూర్వము గేటువద్ద గడియలకొలది నిలిచి చిల్లరకొరకు దెబ్బలాడిన లారీవారిని జూచినచో ఇది గొప్పమేలని యొప్పుకొనవలసినదే. మేమును ఒప్పుకొనుచున్నాము.

ఇక మా యనుభవమొకటి మనవి చేసెదము. గేటుపేరును రహదారిపేరును చెప్పము. అది యొకరిని దూషించుటకు జెప్పు మాట కాదు. 2023 వేసవిలో మా యింటి లారీ మిరప టిక్కీలతో బయలుదేరినది. ఆ రాత్రి బిళ్లపద్దులో సొమ్ము చాలదని తెలిసి మేమింటినుండియే ఫోనుద్వారా సొమ్ము వేసితిమి. వేసినట్లు వార్తయు వచ్చినది. పది నిముషములలో లారీ గేటుకడకు జేరినది. కర్ర లేవలేదు. మా డ్రైవరు ఇరువదియేండ్లుగా మా యింట నున్న పెద్దాయన, పైసా తేడా యెరుగనివాడు. ఆయన ఫోనుచేసి, 'డబ్బు పడింది, మెసేజీ చూపించాను బాబుగారూ. అయినా మిషను ఒప్పుకోలేదంటున్నారు. వెనకాల బండ్లన్నీ హారన్లు కొడుతున్నాయి, నన్నేం జెయ్యమంటారు?' అని యడిగెను. నాటి నియమము ప్రకారము రెట్టింపు రుసుమును రొక్కముగా గట్టి బయటపడవలసి వచ్చినది. ఆయన మరునాడు మాకు జూపిన ముఖము మేము మరువలేము. సొమ్ము పోయినందులకు గాదు. తోటి డ్రైవర్ల యెదుట దొంగవలె నిలువవలసి వచ్చినందులకు.

జరిగినదేమో తరువాత దెలిసికొంటిమి. సొమ్ము చాలని బిళ్లల జాబితా యొకటి గేట్లకు అప్పుడప్పుడు పంపబడుచుండును. మేము సొమ్ము వేసినది నిజము, బ్యాంకు పుచ్చుకొన్నది నిజము. గేటులోనున్న జాబితా మాత్రము అంతకుముందటిది. అనగా, ఒక యంత్రము మరియొకదానికి నిజమే చెప్పినది, కాని ఆలస్యముగా జెప్పినది. బ్యాంకువారి నడిగిన గేటువారి నడుగుడనిరి. గేటువారు జాబితా పైనుండి వచ్చినదనిరి. 'పైన' అనగా నెవరని యడిగిన నెవరును జెప్పలేకపోయిరి. ఆ రాత్రి యిచ్చిన రశీదు ఇప్పటికిని మా పెట్టెలో నున్నది. దానిమీద తేది యున్నది, గంట యున్నది, లారీసంఖ్య యున్నది. సంతకము మాత్రము లేదు.

ఈ సంతకపు మాటను జ్ఞాపకముంచుకొనుడు. దీనితోనే మేము మీకు నూటయేబది సంవత్సరముల నాటి యొక సంగతిని జెప్పవలసియున్నది. లారీ యద్దముమీది బిళ్లవంటి బిళ్లలే నేడు రైలుపట్టాల నడుమ గూడ బరుండి మాటలాడుచున్నవి. ఆ విద్య యెచ్చట బుట్టినదో తెలిసికొన్నగాని దాని విలువ దెలియదు.

ఇంగ్లండులో నార్విచి పట్టణమునకు సమీపమున థోర్పు అను చోట, 1874 సెప్టెంబరు 10వ తేది రాత్రి, ఒంటిదారిమీద రెండు రైళ్లు ఎదురెదురుగా ఢీకొన్నవి. 25 మందికి తక్కువగాక మరణించిరి. స్టేషనులోని రాత్రి ఇన్‌స్పెక్టరు తంతిగుమాస్తాతో, మెయిలును పంపుమని అవతలి స్టేషనునకు వార్త నీయవలసినదిగా జెప్పెను. ఆ వార్తపై ఇన్‌స్పెక్టరు సంతకము పడినపిమ్మటనే పంపవలెనని నియమము. గుమాస్తా సంతకమునకై కనిపెట్టుకొనక పంపివేసెను. ఇంతలో ఈవలినుండి వేరొక రైలు బయలుదేరినది. తప్పు తెలిసి, మెయిలును నిలుపుడని మరల తంతి నిచ్చిరి. మెయిలు వెడలిపోయినదని బదులు వచ్చెను. ఇద్దరు మనుష్యులకును రెండు రైళ్లు ఎదురెదురుగా బోవుచున్నవని తెలియును. వానిని నిలుపుటకు మాత్రము వారిచేతిలో నుపాయము లేదు. ఆ చీకటిలో వారు గూర్చుండి వినిన నిశ్శబ్దమెట్టిదో ఊహింపుడు.

ఈ ఘోరమును మనసునందుంచుకొని ఎడ్వర్డు టయ్యరు అను నాతడు 1878లో నొక యంత్రమునకు హక్కుపత్రమును బొందెను. అది యొకటి కాదు, జంటయంత్రము. ప్రక్కప్రక్క స్టేషన్లలో నొక్కొక్కటి యుండును. రెంటినడుమ తంతి యుండును. ఈ యంత్రములలో గుండ్రని బిళ్లలుండును. బిళ్ల చేతబట్టనిదే రైలు కదలరాదు. ఒకచోటినుండి ఒక బిళ్ల వెలుపలికి వచ్చెనా, అది ఏదో యొక చివర మరల లోపల బడువరకు రెండు యంత్రములును బిగుసుకొనిపోవును. ఎవరెంత ప్రాధేయపడినను రెండవ బిళ్లను వదలవు. మన దేశపు ఒంటిదారి మార్గములయందు బిళ్లకు బదులుగా లోహపుబంతి గల యంత్రములు విస్తారముగా వాడబడినవి. బెత్తపు చుట్టకు గట్టిన తోలుసంచిలో నాబంతి నుంచి, స్టేషనువాడు ప్లాటుఫారముమీద నెత్తిపట్టి నిలువగా, కదలుచున్న యింజనునుండి డ్రైవరు చేయిచాచి అందుకొనుటను మనలో పెద్దవారు చూచియేయుందురు. గుంటూరునుండి మాచర్లకు మీటరుగేజి మార్గము 1930లో దెరువబడినది. ఒంటిదారి రైళ్లమీదనే పల్నాడు పట్నమును జూచినది. ఆ మూగబంతియే ప్రయాణికుల ప్రాణములకు బూచీకత్తు అని టిక్కెట్టు గొనినవారిలో నెందరికి దెలిసియుండును?

టయ్యరు చేసిన గొప్పపని యేమనగా, మనుష్యుల మాటమీది నమ్మకమును యంత్రముల నడుమనున్న కట్టుబాటుమీదికి మార్చుట. అయినను బంతిని దీయువాడును, ఇచ్చువాడును, పుచ్చుకొని బండి నడుపువాడును మనుష్యులే. డ్రైవరు కునికెనా, ఎఱ్ఱదీపమును దాటెనా, బంతి యేమియు జేయలేదు. ఆ లోపమును బూరించుటకు వచ్చినదే నేటి 'కవచ్'. ఇది మన తెలుగుదేశమున బెరిగిన బిడ్డ యనుటకు గర్వింపవచ్చును. లింగంపల్లి, వికారాబాదు, వాడి, బీదరుల నడుమ దక్షిణమధ్య రైల్వే మార్గముమీదనే దీనిని పరీక్షించిరి. 2016 ఫిబ్రవరిలో ప్రయాణికుల బండ్లమీద పరీక్షలు మొదలైనవి. 2020 జూలైలో దీనిని దేశీయ రక్షణవ్యవస్థగా నంగీకరించిరి. 2024 నాటికి దక్షిణమధ్య రైల్వేలో 1,465 కిలోమీటర్ల మార్గమునకు ఈ కవచము తొడుగబడియుండెను.

దీని పని యెట్లనగా: పట్టాలనడుమ స్లీపర్లకు మేము చెప్పిన మూగబిళ్లలు బిగించియుందురు. ఇంజనడుగున నున్న యంత్రము వానిమీదుగా బోవుచు, 'నీ వెక్కడిదానవు?' అని యడిగి, అవి చెప్పిన సంఖ్యలనుబట్టి తానున్న చోటును దెలిసికొనును. పట్టాలప్రక్క నిలిపిన స్తంభముల సాయమున స్టేషనులోని యంత్రమునకు రేడియో ద్వారా ఆ చోటును తన వేగమును నివేదించుకొనును. స్టేషను యంత్రము ముందున్న సంకేతదీపము ఎఱ్ఱనో పచ్చనో, ఎంతదూరము వరకు బోవచ్చునో బదులు చెప్పును. ఇంజను తనలో లెక్కవేసికొని, ఈ వేగమున బోయినచో ఎఱ్ఱదీపమువద్ద నిలువగలనా యని యోచించును. నిలువలేనిచో ముందు డ్రైవరును హెచ్చరించును. ఆతడు వినకున్న తానే బ్రేకు వేయును. కాపలాగేటు సమీపించినప్పుడు తానే కూతవేయును. ఒక యింజను మరియొక యింజనుతో నేరుగా మాటలాడి, ఒకే దారిమీద ఎదురుపడుచున్నామని తెలిసికొనగలదు. థోర్పులో ఇద్దరు మనుష్యులు తెలిసియు జెప్పలేకపోయిన మాటను ఇవి రెండు క్షణములలో జెప్పుకొనును. 2022 మార్చి 4వ తేదీన గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల నడుమ రెండింజనులను ఒకే పట్టాపై ఎదురెదురుగా నడిపి చూపిరి. ఒకదానిలో రైల్వేమంత్రి అశ్వినీ వైష్ణవ్ గారే యెక్కియుండిరి. ఎదుటి యింజను 380 మీటర్ల దూరమున నుండగానే ఆ యింజను తనంత తాను నిలిచిపోయెను. రాజపురుషుడు తన ప్రాణమునే పందెముగా నొడ్డి పరీక్షించిన యంత్రమును మేము తేలికగా జూడజాలము.

ఇంతవరకు చెప్పి విరమించినచో మీరు చప్పట్లు కొట్టి మమ్ము సాగనంపుదురు. కాని 2023వ సంవత్సరము మన కంటికి రెండు దృశ్యములను జూపినది. వానిని దాటిపోలేము.

ఆ యేడు జూన్ 2వ తేది సాయంకాలము ఒడిస్సాలోని బాలాసోరు జిల్లా బహనగా బజారు స్టేషనులో, చెన్నపట్టణమునకు వచ్చుచున్న కోరమాండల్ ఎక్స్‌ప్రెస్సు, ఆగియున్న ఇనుపరాతి గూడ్సుబండిని ఢీకొన్నది. విశాఖపట్టణము, రాజమహేంద్రవరము, విజయవాడల మీదుగా పోవు బండి యది. తెలుగువారికి సొంతబండివంటిది. చిందరవందరయైన పెట్టెలు ప్రక్కదారిన బోవుచున్న బెంగుళూరు-హౌరా బండిని గూడ దెబ్బదీసినవి. మరణించినవారు 290కి మించిరి. డ్రైవరు తప్పుచేయలేదు. ఆతనికి పచ్చదీపమే కనబడినది. నేరుగా బొమ్మని దీపము చెప్పినది. పట్టాలమలుపు మాత్రము ప్రక్కదారికి దిరిగియున్నది. దీపమునకు మలుపునుగూర్చి వార్త తెచ్చు యంత్రము తప్పువార్త దెచ్చినది. రైల్వేరక్షణ కమీషనరు విచారణలో దేలినదేమనగా, అంతకుముందెప్పుడో సంకేతపు తీగలను మార్చినప్పుడు జరిగిన లోపమును, ఆనాడు సమీపపు గేటువద్ద మరమ్మతులు చేసినప్పటి లోపమును గలిసి ఈ యనర్థమును దెచ్చినవి. యంత్రములు అబద్ధమాడలేదు. తమకు జెప్పబడిన మాటనే నమ్మకముగా ఒకదాని కొకటి అందించుకొన్నవి. మాటయే తప్పు. ఆ మార్గమున కవచ్ లేదు. ఉన్నచో నేమగునని పలువురు వాదించుకొనిరి. మాకు తోచినదేమనగా, అదియును సంకేతయంత్రము చెప్పు మాటనే ముఖ్యముగా వినునది గనుక, మూలమందే మాట చెడినప్పుడు దానిమీద గొండంత యాశ పెట్టుకొనరాదు.

అటుపిమ్మట అయిదు మాసములు గడువకమునుపే, అక్టోబరు 29వ తేది రాత్రి, విజయనగరము జిల్లా కంటకాపల్లి దాపున విశాఖపట్టణము-పలాస బండిని వెనుకనుండి వచ్చిన రాయగడ బండి ఢీకొన్నది. 14 మంది చనిపోయిరి. ఇచ్చట కథ తారుమారు. చెడిన సంకేతములకడ నాగి మెల్లగా బోవలెనను నియమమును వెనుకబండి పాటింపలేదని రైల్వేవారి తొలి విచారణ చెప్పినది. ఆ డ్రైవరును మృతులలో నొకడు. బదులు చెప్పుట కాతడు లేడు. ముందుబండి వెనుకబండితో తానే మాటలాడగలిగియున్నచో ఆ ప్రాణములు నిలిచియుండునని మేము నమ్ముచున్నాము.

కావున యంత్రము మేలా, మనుష్యుడు మేలా యని పందెములు గాయుట వృథా. కోడిపందెముతో దేశమును బోగొట్టుకొన్న సీమవారము, పందెముల సంగతి మనకే బాగుగ దెలియవలెను. మేమడుగునది వేరు. థోర్పులో సంతకములేని తంతి పోయినది. సంతకముండవలసిన చోటు కాగితముమీద ఖాళీగా నుండెను గనుకనే, తప్పెచ్చట జరిగినదో మరునాడే దెలిసినది. బహనగాలో తీగ మార్చిన చేయి ఎవరిదో తేల్చుటకు పెద్ద విచారణ కావలసివచ్చినది. మా టోలుగేటు సంగతి చిన్నది, ఆ రెంటితో బోల్చదగినది కాదు. అయినను అందులో వెదకుటకు గాగితమే లేకపోయెను. దూతకు నోరు లేకపోవుట లోపము కాదు. వానిని బంపినవాడెవడో తెలియకపోవుటయే మనకు వచ్చిన చిక్కు.

ఇంటికి దగ్గరి మాట యింకొకటి చెప్పి ముగింతుము. అది నీటిమాట. నాగార్జునసాగరు కుడికాలువ రాకమునుపు ఈ సీమ జొన్నన్నపు సీమ యని మీకు దెలియును. 1955 డిసెంబరు 10న నెహ్రూ పండితుడు శంకుస్థాపన చేసిన ఆ యానకట్టనుండియే నేడు మన మాగాణికి నీరు. 2014లో రాష్ట్రము రెండైన పిమ్మట ఏర్పడిన కృష్ణానదీ యాజమాన్యమండలి, ఎవరెంత నీరు దీసికొనుచున్నారో తేల్చుటకు టెలిమెట్రీ యంత్రములను పెట్టించుటకు బూనుకొన్నది. కాలువగట్టున నిలిచిన యంత్రము నీటిమట్టమును గొలిచి, లస్కరుతో బనిలేక, తానే దూరపు కంప్యూటరునకు లెక్క బంపును. ఇరురాష్ట్రములవారికిని ఎదుటివారి మనుష్యుడు చదివిన కొలతపై నమ్మకము లేదు గనుక గదా యంత్రమును గోరుట! విచిత్రమేమనగా, యంత్రము నెచ్చట నిలుపవలెననుటలోను, దాని ఖర్చు విషయమునను సంవత్సరముల తరబడి తగవు నడచినది. 2023 నవంబరు 29, 30 తేదీల నడిమిరాత్రి ఆంధ్రప్రదేశపు పోలీసులు ఆనకట్టమీదికి బోయి 26 గేట్లలో 13 గేట్లను స్వాధీనపరచుకొని కుడికాలువకు నీరు విడిపించిరి. పిమ్మట కేంద్రపు బలగములు వచ్చి కాపలా నిలిచినవి. న్యాయాన్యాయముల నీ వేదికపై జర్చింపము. కొలతయంత్రమేదియు ఆ రాత్రి రాయబారము నెరపలేదని మాత్రము చెప్పుచున్నాము.

ఇక పొలములోని మోటార్ల సంగతి నవ్వుపుట్టించును. కరెంటు రాగానే దానంతటదే మోటారును గదలించు ఆటోస్టార్టరును మన రైతులనేకులు పెట్టుకొన్నారు. రాత్రి పాముపుట్రల నడుమ పొలమునకు బోవుట తప్పినది గనుక వారిని తప్పుపట్టలేము. కాని ఈ యంత్రములు ఒకదానితో నొకటి మాటలాడవు. కరెంటు వచ్చిన క్షణముననే ఊరి మోటార్లన్నియు ఒక్కుమ్మడిగా లేచును. ట్రాన్స్‌ఫార్మరు మోయలేక కాలిపోవును. తెలంగాణమున 2018లో ఇరువదినాలుగు గంటల కరెంటు నిచ్చినప్పుడు, రేయింబవళ్లు బావులు తోడివేయబడునను భయముచే ఆటోస్టార్టర్లను దీసివేయుడని అధికారులు ఊరూర దిరిగి చెప్పవలసి వచ్చినది. 'నీవు ముందు, నేను రెండు నిముషముల పిమ్మట' అని ఇరుగుపొరుగు మోటార్లు చెప్పుకొనగలిగినచో ఈ యిక్కట్టులో సగము తీరును. అట్టి చిన్న యంత్రమును జేయుట పాలిటెక్నిక్కున జదువు మన పిల్లవానికి అసాధ్యము కాదు.

ఆ మాటతోనే మా మనవికి వచ్చితిమి. విద్యానిధినుండి ప్రతి సంవత్సరము ఇద్దరు విద్యార్థులకు, రైలు సంకేతముల విద్యనో ఎలక్ట్రానిక్సునో చదువుటకు వేతనమీయవలెనని కోరుచున్నాము. తీగను గలుపు చేయి మనవాడిదైనచో ఆ చేయి వణకవలెను, కలిపిన పిమ్మట పుస్తకములో సంతకము చేయుట నేర్వవలెను. రెండవది, నరసారావుపేటలోని మన కార్యాలయమున వారమున కొకనాడు ఒక బల్ల వేయవలెను. చదువుకొన్న యువకులిద్దరు గూర్చుండి, 'మిషను ఒప్పుకోలేదు' అని వచ్చిన పెద్దలకు అర్జీలు వ్రాసిపెట్టవలెను. చాలమందికి దెలియని నియమములున్నవి. బిళ్ల సరిగా నుండి, పద్దులో సొమ్ముండి, గేటుయంత్రమే చెడి చదువలేకపోయినచో రుసుము లేకయే బండిని విడువవలెనని 2018 మే నెలనాటి ప్రభుత్వప్రకటన చెప్పుచున్నది. జాతీయరహదారిమీద 1033 సంఖ్యకు ఫోనుచేసి మొరపెట్టుకొనవచ్చును. బిళ్ల చెల్లనప్పుడు రొక్కమైన రెట్టింపును, యూపీఐ ద్వారా కట్టినచో ఒకటింపావు వంతును తీసికొనవలెనని 2025 నవంబరు 15 నుండి మార్పు చేసిరి. మా పెద్దాయనకు ఆ రాత్రి ఈ నియమములలో మొదటిది వర్తించునో లేదో వాదింపవచ్చును. ఆయన చేతిలో వాదించుటకు ఒక్క ముక్కయు లేకపోయెను.

బల్లకు, కుర్చీలకు, మొదటి సంవత్సరపు కాగితములకు గావలసిన సొమ్మును మా కుటుంబము పక్షమున మేమిచ్చెదము. విద్యార్థివేతనముల భారమును దాతలు వహింతురని నమ్ముచున్నాము. మొదటి యర్జీగా మా పెట్టెలోని రశీదును దెచ్చి కార్యదర్శిగారి చేతికిచ్చితిమి. అధ్యక్షులవారు గంటను రెండవమారు మ్రోగించిరి గనుక సెలవు గైకొనుచున్నాము.